ఎత్తుకపోతుండు

మా ఇంట్లో నా నోరంటే అందరికీ హడలే. మా అత్త జమ్ములమ్మ నోరేం తక్కువది కాదు, కానీ నేను మొదలుపెడితే ఆమె కూడా చాట చంకన పెట్టుకుని బయటికి నడుస్తుంది. ఆ నోటితోనే పోయిన ఎండాకాలం నా మొగుణ్ణి చావు దాకా తీసుకుపోయాను. కట్టెలు పట్టింది వేరేవాళ్లు. కేసులో ఉన్నవీ వాళ్ల పేర్లే. కానీ మొదటి దెబ్బ నాది, కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

మా ఆయన పేరు సతీష్. పుణేలో బిల్డింగు పనికి పోయాడు. మాలు పైకి లాగే లిఫ్టు తాడులో ఎడమ చేయి పడింది. నాలుగు వేళ్లు అక్కడే పోయాయి. మిగిలిన బొటనవేలితో ఫిబ్రవరిలో ఇంటికొచ్చాడు. అప్పటికి మా శ్రుతికి నాలుగో నెల. అయిజ పక్కన మా ఊళ్లో ఎండలు ముదిరితే పొలాల్లో పని ఉండదు, ఉపాధి పనే దిక్కు. తెల్లవారుజామునే నేనూ అత్తా గడ్డపార, గంపలు పట్టుకుని చెరువు మట్టి తీయడానికి పోయేవాళ్లం. పిల్లను చూసుకునే పని మా ఆయన మీద పడింది, అది కూడా ఒంటి చేత్తో.

పిల్లను ఎత్తుకుంటే ఉన్న ఒక్క చేయీ అయిపోతుంది. ఇక నీళ్లు ముంచాలన్నా, గొళ్లెం తీయాలన్నా, పిల్ల ముక్కు తుడవాలన్నా చేయి ఎక్కడి నుంచి వస్తుంది? అత్త తన పాత చీర చింపి ఆయన భుజం మీదుగా జోలె కట్టింది. "నా ఐదుగురు పిల్లలు గిండ్లనే పెరిగిండ్రు. నువ్వు గూడ గిండ్లనే పెరిగినవ్," అంది. ఆమె పిల్లల్ని పెంచిన రోజుల్లో ముడి జారితే బిగించుకోవడానికి రెండు చేతులుండేవి. మూడో రోజు ముడి వదులై పిల్ల జారి గడప మీద పడింది. నేను వచ్చేసరికి నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. ఆ రోజు నేను అరిచిన అరుపులకు వీధి వీధంతా మా ఇంటి ముందే ఉంది. మా ఆయన మాత్రం తడి గుడ్డ పెట్టి పిల్ల నుదురు ఒత్తుతూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి పిల్లను నా వెంటే తీసుకుపోయాను. చెరువు గట్టు మీద వేపకొమ్మకు చీర ఊయల కట్టి పడుకోబెట్టాను. మొదటి రోజు ఎర్రచీమలు. రెండో రోజు వడగాలికి ఒళ్లంతా చెమటకాయలు. నాలుగో రోజు మట్టి గంప ఎత్తుతూ తల తిప్పి చూస్తే, ఒక కుక్క వెనక కాళ్ల మీద లేచి ఊయలలో మూతి పెట్టి వాసన చూస్తోంది. చేతిలో ఉన్న గంప మట్టితో సహా దాని మీదికి విసిరాను. కుక్క పోయింది. నేను ఊయల విప్పేశాను.

అంగన్‌వాడీ టీచరు శ్రీవాణి మేడం దారి చెప్పింది. ఫోనులో బొమ్మలు చూపించి, "ఇప్పుడు రొమ్ముకు కట్టుకునే క్యారియర్లు వస్తున్నయి రెబెకా. ఏది పడితే అది కొనకు. పిల్ల మొఖం నీకు కనవడాలె. దాని గడ్డం దాని రొమ్ముకే ఒత్తుకోవద్దు, ఊపిరాడదు. తల వంచితే ముద్దు పెట్టేటంత దగ్గరుండాలె. కాళ్లు ఏలాడొద్దు, కప్ప కూసున్నట్టు మోకాళ్లు పైకుండాలె," అంది.

ముగ్గురం గద్వాలకు పోయి ఒక దుకాణంలో నాలుగు రకాలు దించించాను. ఇనుప రింగుల్లోంచి గుడ్డ లాగి కట్టేది ఒకటి. దానికి రెండు చేతులు కావాలి. లోపల మెత్త కుట్టినది ఇంకొకటి. ఆ ఎండల్లో అందులో వేస్తే పిల్ల ఉడికిపోతుంది. నడుముకు పీట ఉన్నది మరొకటి, అది పిల్లకన్నా బరువు. దుకాణమాయన నన్ను విసుగ్గా చూశాడు. చూడనీ, వాడుకునేది ఆయన కాదు కదా. చివరికి నల్లది, జాలీ గుడ్డది, కూర్చునే చోటు వెడల్పుగా ఉన్నది ఏరాను. ముందు బకిళ్లు రెండూ మా ఆయన కుడిచేత్తో, గడ్డం ఆనించి పెట్టుకోగలడు. వెనక రెండు భుజాల నడుమ ఒక బకిల్ ఉంది, అది మాత్రం ఆయనకు అందదు.

"ఎనకది ఎట్ల?" అన్నాడు.

"నేను పెట్టి పోత, వచ్చి తీస్త. నడుమల తీయాలంటే ఎదురింటి శాంతయ్య తాత లేడా?"

ఆ పూట గద్వాల బస్టాండులో పిల్లను రొమ్ముకు కట్టుకుని, కుడిచేత్తో గ్లాసు పట్టుకుని చాయ్ తాగాడు. తాగి ఇంకోటి చెప్పాడు. ఆయన మొహంలో ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. ఇంటికి వస్తే మా అత్త మాత్రం నెత్తి కొట్టుకుంది. "మొగోడు పిల్లను రొమ్ముకు కట్టుకుంటడా? రేపు పాలు గూడ ఇస్తవారా?"

"వస్తే ఇస్తనే అమ్మా," అన్నాడు మా ఆయన.

మే నెల మొదట్లో ఫోన్లకు ఒక్కటే సంగతి రావడం మొదలైంది. పిల్లల్ని ఎత్తుకపోయేవాళ్లు దిగారట, సంచుల్లో వేసుకుపోతున్నారట, కొత్తవాడు కనబడితే వదలొద్దట. ఎవరి గొంతో తెలియని గొంతులు, ఎక్కడివో తెలియని రక్తపు బొమ్మలు. మా ఊళ్లో మగవాళ్లు కట్టెలు పట్టుకుని వంతులవారీగా కాపలా తిరిగారు. నేను పనికి పోతూ పోతూ మా ఇంటి తలుపు రెండుసార్లు లాగి చూసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం పని నుంచి వస్తుంటే నీళ్ల ట్యాంకు దగ్గర జనం. చిరిగిన బట్టల మనిషినొకణ్ణి కరెంటు స్తంభానికి కట్టేసి కొడుతున్నారు. వాడి గోనెసంచి కింద గుమ్మరించారు. ఖాళీ సీసాలు, ఇనుప ముక్కలు, వాటి మధ్య చిన్నపిల్ల చెప్పు ఒకటి. ఆ చెప్పు చూడగానే నాకు ఒళ్లు తెలియలేదు. కాలి చెప్పు తీసి జనాన్ని తోసుకుంటూ పోయి వాడి మూతి మీద కొట్టాను. రెండుసార్లు కొట్టాను. పెదవి పగిలింది. వాడు నా వంక చూసి "అమ్మా" అన్నాడు. మూడోసారి ఎత్తిన చేతిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు. మా ఆయన, రొమ్మున పిల్ల.

"ఏం జేసిండే ఆయన నిన్ను?"

"పిల్లల ఎత్తుకపోయేటోడు!"

"ఎవల పిల్ల పోయింది? ఒక్క పేరు చెప్పు."

ఊళ్లో ఏ ఇంట్లోనూ పిల్ల పోలేదు. పోలీసులొచ్చి ఆ మనిషిని తీసుకుపోయారు. చిత్తు ఏరుకునేవాడట. ఆ రాత్రి మా ఆయన నాతో మాట్లాడలేదు. నాకూ పౌరుషం వచ్చి అటు తిరిగి పడుకున్నాను. తప్పు చేశానని నాకు తెలుసు. తెలిసే అటు తిరిగాను. నా బుద్ధి అంత.

ఆ వారంలోనే తెలకపల్లిలో మా పిన్ని కొడుకు పెండ్లి. ముగ్గురం పోయాం. పెండ్లి పందిట్లో మా ఆయన రొమ్మున నల్ల సంచి, అందులోంచి బయటికి మా శ్రుతి బోడిగుండు. మా వైపు పిల్లలకు ఇంకేం కావాలి?

"ఓ బావా! కంగారూ అయినవ్ గదా!"

"లోపట ఇంకోటి గిట్ల ఉందా బావా?"

ఆయన వాళ్లతో పాటు నవ్వాడు. పిల్ల చేయి పట్టి వాళ్లకు ఊపించాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నాలుగు రకాలు తిరగేసి ఆ సంచి ఏరింది నేనే. అయినా నలుగురిలో సిగ్గేసింది. మా పెద్దమ్మ నా చెవిలో "పాపం, ఎట్లాంటి పిలగాడు ఎట్లయిండే" అన్నప్పుడు ఆ సిగ్గు కోపమైంది. ఆ కోపం పెండ్లి భోజనం దగ్గరా తగ్గలేదు, మర్నాడు బస్సెక్కినా తగ్గలేదు.

నాగర్‌కర్నూల్‌లో ఒక బస్సు, వనపర్తిలో ఇంకో బస్సు. వనపర్తి దాటాక ఎండ బాగా ముదిరింది. కిటికీలోంచి నిప్పుగాలి. ముందు సీటులో కాలేజీ పిల్లలిద్దరు తిరిగి తిరిగి మా ఆయన్ను చూసి కిసుక్కుమంటున్నారు.

"తీయ్ ఆ సంచి," అన్నాను.

"నిద్రపోయింది. లేస్తది."

"తీసి నాకియ్యి అంటున్న. అందరు సూస్తుండ్రు."

"సూడనియ్యి. బస్సు గిట్ల ఊగుతుంటే నేనైతే ఒంటి చేత్తో పట్టుకోలేను. నీ ఒళ్ల రెండు సంచులున్నయి. ఇంకో గంటల గద్వాల."

"రెండు చేతులున్న మొగోన్ని చేసుకుంటే నాకీ గతి పట్టకపోను," అన్నాను.

అన్నాను. బస్సులో అందరికీ వినబడేట్టు అన్నాను. ముందు సీటు పిల్లలు కూడా నవ్వు ఆపేశారు. మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆపలేదు, ఇంకా ఏదో అన్నాను. అది ఇప్పుడు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే మంచిది.

ఒక ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆగింది. ఆ ఊరి పేరు నేను చెప్పను. అక్కడున్నవాళ్లంతా చెడ్డవాళ్లు కాదు. మా ఆయన లేచి దిగిపోయాడు. నీళ్లకేమో అనుకున్నాను. చూస్తే ఊళ్లోకి పోయే దారి పట్టి నడుస్తున్నాడు. "ఓ అయ్యా! యాడికి?" అని అరిచాను. తిరిగి చూడలేదు. కండక్టరు రైట్ అంటున్నాడు. నేను రెండు సంచులూ పెండ్లి బూందీ మూటా ఈడ్చుకుంటూ దిగాను. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

స్టేజీ దగ్గర రేకుల షెడ్డు, షెడ్డు కింద ఏడెనిమిది మంది మగవాళ్లు. పక్కన సోడాలు, తాటి ముంజలు పెట్టుకుని ఒక ఆడమనిషి. మా ఆయన అప్పటికే యాభై అడుగులు పోయాడు. మూటలతో ఆ ఎండలో నేను ఆయన్ను అందుకోలేను. నాకు తిక్క లేచింది. నడిరోడ్డు మీద మూటలు పడేసి, షెడ్డు వైపు తిరిగి, నా గొంతు ఎంత లేస్తే అంత లేపి అరిచాను.

"సూడుండ్రయ్యా! నా బిడ్డను ఎత్తుకపోతుండు! పట్టుకోండ్రి వాన్ని!"

ఇంట్లో మొహం మీద ఎన్ని తిట్టుకున్నా, పరాయివాళ్ల ముందు మొగుణ్ణి "ఆయన" అనే అంటాం మేం. కట్టుకున్న మొగుడితో కొట్లాడి పుట్టింటికి నడిచే ఆడది కూడా దారిలో వాళ్లకు "ఆయన కొట్టిండు" అనే చెబుతుంది. ఆ పూట నా నోట్లో "వాన్ని" అని వచ్చింది. "ఆయన్ను పట్టుకోండ్రి" అని ఉంటే షెడ్డులో వాళ్లు మొగుడూపెళ్లాల తగువని నవ్వి ఊరుకునేవాళ్లు. పిల్లను ఎత్తుకుని పోతున్నాడని నేనన్నాను. పిల్లను దొంగిలించుకుని పోతున్నాడని వాళ్లు విన్నారు. రెండిటికీ మాట ఒక్కటే.

షెడ్డు ఒక్కసారి లేచింది. "దొరికిండ్రా!" అని ఎవడో కేక పెట్టాడు. కూర్చున్న బెంచీల కింది నుంచే కట్టెలు వచ్చాయి. వాళ్లు పరుగెత్తుతుంటే, నిజం చెబుతున్నాను, నాకు ఒక్క క్షణం సంబరమైంది. ఆపుతారు, సిగ్గు తెచ్చుకుని తిరిగొస్తాడు అనుకున్నాను. దూరంగా మా ఆయన ఆగి ఇటు తిరగబోవడం చూశాను. అప్పుడే మొదటి కట్టె ఆయన చెవి మీద పడింది.

ఆ చప్పుడు నా దాకా వచ్చింది.

"నా మొగుడయ్యా! నా మొగుడు!" అంటూ పరుగెత్తాను. ఎవరు వింటారు? అంతకు ముందు అరిచిన అరుపు విన్నారు, అది చాలింది వాళ్లకు. ఊళ్లోంచి ఇంకో పదిమంది ఎదురొచ్చారు. నేను చేరేసరికి మా ఆయన మోకాళ్ల మీద ఉన్నాడు. నెత్తుటితో ఒక కన్ను మూసుకుపోయింది. పిల్ల ఏడుస్తోంది. ఆయన రెండు మోచేతులూ నేలకు ఆనించి, పిల్లకు నేల తగలకుండా, వాళ్ల దెబ్బ తగలకుండా వీపు విల్లులా వంచి పెట్టాడు. ఆ వీపు మీద కట్టెలు పడుతున్నాయి.

"ఏ ఊర్రా నీది? ఎవల పిల్లరా?"

"నా బిడ్డ... నా బిడ్డ..."

"సంచిల ఏసుకోని నా బిడ్డ అంటుండు సూడు! తియ్యిరా పిల్లను!"

"ఎనక... ఎనక బకిల్ ఉంది. నాకు అందదు."

"ఇడువడంట! కొట్టుండ్రి!"

ఒకడు పిల్ల కాలు పట్టి లాగాడు. సంచి రాలేదు. ఇంకొకడు పట్టీ పట్టి లాగితే ఆయన, పిల్ల ఇద్దరూ కలిసి లేచి మళ్లీ పడ్డారు. పిల్ల అరుపు ఆగిపోయి మళ్లీ వచ్చింది. నేను ఎవడి చేతినో కొరికాను. నన్ను జుట్టు పట్టి పక్కకు ఈడ్చారు. "నువ్వు జర ఆగమ్మా, తీసిస్తం నీ పిల్లను," అని ఒకడు నాకే ధైర్యం చెప్పాడు. వాడి మొహం నిండా చెమట. నిజంగా నాకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు వాడు. పక్కన ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని తీస్తున్నాడు.

"పట్టీలు కోస్తే అయిపాయె!" అన్నారెవరో. ముంజలు కోసే కత్తి వచ్చింది. వంకీ తిరిగిన పెద్ద కత్తి. దాన్ని పట్టుకున్నవాడు వంగి, మా ఆయన మెడకూ పిల్ల తలకూ మధ్య పట్టీ కోసం వెతుకుతున్నాడు. నేనెట్లా విదిలించుకున్నానో తెలియదు. పోయి ఆ కత్తిని పట్టుకున్నాను. పిడిని కాదు, కత్తినే. వాడు లాగాడు. అరచేయి తెగింది. నేను వదల్లేదు.

అప్పుడు సోడాసీసా ఒకటి వచ్చి వాడి భుజానికి తగిలి నేల మీద పగిలింది. వెనకే ముంజలమ్మే ఆమె వచ్చింది, చేతిలో ఇంకో సీసా. ఆమె పేరు సుభద్రమ్మ అని తర్వాత తెలిసింది.

"నా కత్తి ఇటియ్యిరా! గాడిదికొడకల్లారా, కండ్లున్నయా మీకు? దాని రైక సూడుండ్రి! పిల్ల ఏడుస్తుంటే పాలు కారుతున్నయి దానికి! తల్లిరా అది! తల్లి పోయి మొగోని మీద పడి అడ్డం పడుతుందంటే వాడెవడు? వాడెవడురా?"

అందరూ నా వంక చూశారు. నేను కూడా చూసుకున్నాను. రైక ముందంతా తడిసి, చేతి నెత్తురు అంటి ఉంది. ఒక్క కట్టె కూడా మళ్లీ లేవలేదు. మనుషులు ఎట్లా మాయమయ్యారో తెలియదు. ఇంతకు ముందు వరకు ఊపిరాడనంత జనం, ఇప్పుడు దుమ్ములో మేం ముగ్గురం, సుభద్రమ్మ. నేను ఒక చేత్తో వెనక బకిల్ తీశాను. పిల్ల నా ఒళ్లోకి వచ్చింది. చెవి దగ్గర కమిలింది, అంతే. మా ఆయన అప్పుడు మోచేతులు వదిలేసి పక్కకు ఒరిగిపోయాడు.

పెద్ద దవాఖానలో మూడు రోజులు కళ్లు తెరవలేదు. పక్కటెముకలు నాలుగు విరిగాయి. తలకు కుట్లు. నా చేతికి తొమ్మిది కుట్లు. మా అత్త వరండాలో కూర్చుని ప్రార్థన చేసేది, ప్రార్థన మధ్యలో ఆపి శాపనార్థాలు పెట్టేది. పోలీసులు తొమ్మిది మందిని పట్టుకున్నారు. తొమ్మిది మందీ ఒకటే చెప్పారట, ఎవరో ఆడమనిషి అరిచింది, అందుకే ఉరికినమని.

"ఎవతో ఒగతె ఒర్రిందంట రెబెకా. దాని నోట్ల మన్ను పడ! దొరికితే దాని నాలుక నా చేతులతోటి కోస్త," అనేది అత్త, నా నోటికి అన్నం ముద్ద అందిస్తూ. నా కుడిచేయి కట్టులో ఉంది కాబట్టి ఆమే తినిపించేది. నేను మింగేదాన్ని. మూడు రోజులు అట్లాగే మింగాను.

నాలుగో రోజు మా ఆయన కళ్లు తెరిచాడు. ఎస్సై వచ్చి మంచం పక్కన కూర్చుని అడిగాడు, ఎవరు అరిచింది, గొంతు గుర్తు పట్టగలవా అని. "తెల్వదు సార్," అన్నాడు మా ఆయన. నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. బతికిపోయాను అనుకున్నాను. అవును, అట్లాగే అనుకున్నాను.

ఐదో రోజు పొద్దున అత్త వరండాలోకి ఉరుకుతూ వచ్చింది. "దొరికిందే! సోడాలమ్మేది సుభద్రమ్మ అంట. అదే ఒర్రిందని అందరు చెప్పిండ్రంట. కత్తి గూడ దాందేనంట. స్టేషన్ల కూసోవెట్టిండ్రు. నేను పోయి దాని మొఖాన ఉమ్మేసి వస్త."

"అత్తా, ఆమె కాదు."

"నీకేం తెల్సు?"

"నేను."

అత్తకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పాను. ఎట్లా అన్నానో, ఏ మాట అన్నానో మొత్తం చెప్పాను. ఆమె నన్ను కొట్టింది. ఒక చెంప మీద, ఇంకో చెంప మీద, చేయి నొచ్చేదాకా కొట్టింది. నేను కదల్లేదు. తర్వాత అటూ ఇటూ చూసి నా నోటి మీద చేయి పెట్టి మూసింది.

"ఇగ ఎవ్వలకు చెప్పకు. కేసు పోతది. నా కొడుకు ఇంటే పాణం ఇడుస్తడు. ఆ సుభద్రమ్మ మనకేమైతది? నోరు మూసుకో. జల్మల ఒక్కపారన్న నోరు మూసుకో!"

ఆమె చేయి తీసేసి, పిల్లను ఎడమ చంకన వేసుకుని నడిచాను. అత్త వెనకే వచ్చింది, తిడుతూ, ఏడుస్తూ.

తమ మీద సీసా విసిరిందన్న కచ్చతో వాళ్లు పేరు చెప్పిన సుభద్రమ్మ స్టేషన్లో బెంచీ చివర కూర్చుని ఉంది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. మణికట్టు దగ్గర గాజులు పగిలి గీరుకుపోయింది. నన్ను చూసి గుర్తుపట్టి, పిల్ల వంక చూసింది.

"సార్, ఒర్రింది నేను," అన్నాను ఎస్సైతో. "మా ఆయనతో కొట్లాడి ఒర్రిన. ఈమె మమ్మల్ని కాపాడింది. ఈమె లేకుంటే నా బిడ్డ మెడ తెగేది. ఈమెను ఇడువుండ్రి."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "ఏం చెప్తున్నవో తెలుసా అమ్మా నీకు? రేపు కోర్టుల వాళ్ల వకీలు నిన్నే బోనుల నిలబెడ్తడు. పెండ్లామే కొట్టిచ్చిందంటడు."

"నిలబెట్టనియ్యి సార్. రాసుకోండ్రి."

రాసుకున్నాడు. నా ఎడమ చేతి బొటనవేలు ఒత్తించుకున్నాడు. సుభద్రమ్మ లేచి చీర దులుపుకుంది. దండం పెడదామని నేను వంగబోతే ఆపింది. "సంటిపిల్ల నోరెండిపోయింది. ముందుగాల పాలియ్యి," అంది. బయటికి నడిచి వెళ్లిపోయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది.

సాయంత్రం మా ఆయన మంచం దగ్గరికి పోయాను. అత్త తలుపు దగ్గరే ఆగిపోయింది, లోపలికి రాలేదు. పిల్లను ఆయన కుడి పక్కన పడుకోబెట్టాను. ఆయన కళ్లు మూసుకునే పిల్ల కడుపు మీద చేయి వేశాడు. జీవితంలో మొదటిసారి నాకు మాట దొరకలేదు. ఎట్లాగో మొదలుపెట్టాను.

"ఆ పొద్దు ఒర్రింది..."

"తెల్సు."

"ఏం తెల్సు?"

"రెండేండ్ల సంది నీ తిట్లు తింటున్న. నీ గొంతు నాకు తెల్వదా?" విరిగిన ఎముకల వల్ల ఒక్కో మాటకు ఆగుతున్నాడు. "కోపం బాగనే ఉండె నాకు. మల్ల బస్సెక్కొద్దనే నడుస్తున్న. నువ్వు ఒర్రినంక నవ్వొచ్చింది. ఇంటికి పోదాం పా అందామని ఎనక్కి తిరుగుతున్న."

మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాను. ఏడ్చాను. దవాఖాన అని చూడలేదు, పక్క మంచాల వాళ్లను చూడలేదు. చాలాసేపు ఏడ్చాక అడిగాను.

"మరి ఎస్సైకి తెల్వదని ఎందుకు చెప్పినవ్?"

"నా పెండ్లాం నన్ను పిలిచింది," అన్నాడు. "దాంతోటి పోలీసోల్లకేం పని?"

నేను పిలవలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.